పెళ్లికి పదకొండు వారాల ముందు: ఒక హెచ్‌పీవీ కేసు

ఈ కేసు రాయడానికి ఆ జంట ఇద్దరి దగ్గరా అనుమతి తీసుకున్నాను. ఉద్యోగం, ఊరు, ఇంటి సంగతులు ఎవరూ గుర్తు పట్టకుండా మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

కార్తీకం చివర్లో ఒక సాయంత్రం, ఖమ్మంలో నా ఓపీ ముగిసే వేళకు ముప్పై ఏళ్ల అబ్బాయి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. చీటీ మీద సమస్య దగ్గర 'దురద' అని రాయించాడు. చర్మం డాక్టరు దగ్గర చాలామంది మగవాళ్లు మొదట ఆ మాటే రాయిస్తారు, అసలు సంగతి తలుపు వేసుకున్నాక చెబుతారు. పద్దెనిమిది దాటిన ఎవరితోనైనా మొదటి ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడటం నాకు అలవాటు. తండ్రిని బయట కూర్చోమన్నాను. తలుపు పడగానే అతను అన్న మొదటి మాట: "సార్, మాఘంలో నా పెళ్లి."

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడు నెలలుగా మర్మావయవాల దగ్గర పులిపిర్లు. ఇవి హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) అనే వైరస్ వల్ల వస్తాయి. మొదట ఒకటే ఉండేదట. షేవింగ్ చేసినప్పుడల్లా కొత్తవి వస్తున్నాయని అప్పుడు తోచలేదు. రేజర్ ఒక పులిపిరిని గీసుకుంటూ పోతే ఆ గీత వెంబడే వైరస్ నాటుకుంటుంది. అతని పొత్తికడుపు కింద మూడు పులిపిర్లు వరసగా, గీత గీసినట్టు ఉన్నాయి.

పరీక్ష చేస్తుంటే ఇంకొకటి కనిపించింది. అంగం మొదట్లో రూపాయి బిళ్లంత పుండు, అంచులు తెల్లగా కాలిపోయి ఉన్నాయి. ఏం పెట్టారని అడిగితే కాసేపు మాట్లాడలేదు. "చిన్నప్పుడు చేతి మీద పులిపిరి వస్తే మా నానమ్మ సున్నం, బట్టల సోడా కలిపి పెట్టేది సార్. అదే పెట్టుకున్నాను." చేతి మీది మందపాటి చర్మానికే అది కాలిన గాయం చేస్తుంది. అక్కడి చర్మం కాగితమంత పలచన. పది రోజులుగా బాత్రూంలో నీళ్లు తగిలినప్పుడల్లా నోట్లో తువ్వాలు కుక్కుకున్నానని చెప్పాడు. గదిలో ముగ్గురు స్నేహితులు ఉంటున్నారు, ఎవరికీ తెలియకూడదని.

"మొత్తం నలభై దాకా ఉన్నాయి సార్" అన్నాడు. లెక్కపెడితే ఏడు. మిగతావి అంగం మొన అంచు చుట్టూ ముత్యాల వరసలా ఉండే సన్నటి పొక్కులు. అవి రోగం కావు, చాలామంది మగవాళ్లకు యుక్తవయసులో సహజంగా వచ్చే శరీరం తీరు అది. అంటవు, మందు అక్కర్లేదు. వాటిని పులిపిర్లనుకుని యాసిడ్ పెట్టుకున్నవాళ్లను కూడా చూశాను. అసలు పులిపిరి పైభాగం గరుగ్గా, కోడిజుట్టు చివరలా ఉంటుంది, ఇలా అంచు చుట్టూ సమానంగా వరస కట్టదు. నాలుగు అంగం మీద, మూడు పైన చెప్పిన గీత మీద. మలద్వారం చుట్టూ, నోట్లో ఏమీ లేవు. గజ్జల్లో బిళ్లలు కట్టలేదు. పైతోలు మామూలుగా వెనక్కి వస్తోంది.

ఎప్పుడు, ఎవరి నుంచి

బెంగళూరులో పనిచేసినప్పుడు రెండేళ్లు ఒక అమ్మాయితో ఉన్నాడు, నాలుగేళ్ల కిందట విడిపోయారు. తర్వాత పద్నాలుగు నెలల కిందట ఒక్కసారి ఇంకొకరితో, కండోమ్‌తో. కాబోయే భార్యతో ఏమీ లేదన్నాడు. రోజుకు ఆరేడు సిగరెట్లు.

"కండోమ్ వాడాను కదా సార్, మరి ఎలా?" అని రెండుసార్లు అడిగాడు. హెచ్‌పీవీ చర్మానికి చర్మం తగిలితే అంటుకునే వైరస్. కండోమ్ కప్పిన చోట కాపాడుతుంది, కప్పని చోట కాపాడలేదు. అందుకే కండోమ్‌తో ముప్పు బాగా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఇక ఎవరి నుంచి అన్నదానికి నిజాయితీగా చెప్పగలిగిన జవాబు ఒక్కటే: తేల్చలేం. వైరస్ ఒంట్లో చేరాక పులిపిరి పైకి రావడానికి మామూలుగా మూడు వారాల నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి నిద్రపోయి తర్వాత లేస్తుంది. బెంగళూరు అమ్మాయి కావచ్చు, తర్వాతి వ్యక్తి కావచ్చు. వాళ్లకైనా తమ ఒంట్లో వైరస్ ఉన్నట్టు తెలిసి ఉండకపోవచ్చు. శృంగార జీవితం మొదలైన ఆడా మగా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌పీవీ తగులుతుంది, చాలామందికి తగిలినట్టు కూడా తెలియదు. పదిలో తొమ్మిది ఇన్ఫెక్షన్లను ఒక్క మందు లేకుండా శరీరమే రెండేళ్లలోపు అణచివేస్తుంది.

ఈ మాటలు నేను ప్రతి మగ పేషెంటుకూ నెమ్మదిగా, రెండోసారి కూడా చెబుతాను. మన ఇళ్లలో హెచ్‌పీవీ పేరు వినపడగానే 'ఎవరు తప్పు చేశారు' అనే పంచాయితీ మొదలవుతుంది, ఆ పంచాయితీకి ఈ వైరస్ సాక్ష్యం చెప్పదు. భార్యకు హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చిందని పుట్టింట్లో దింపేసి వచ్చిన భర్తతో నేను గంటసేపు మాట్లాడాల్సి వచ్చింది. అతని సొంత ఒంటి మీద, తొడ లోపలి వైపు, పాత పులిపిరి ఉంది.

నెగెటివ్ రిపోర్టు

అబ్బాయి ఫోన్ తెరిచి ఒక పీడీఎఫ్ చూపించాడు. వారం ముందు ఒక ల్యాబులో మూత్రంతో 'పురుషుల హెచ్‌పీవీ పీసీఆర్' అనే వైరస్ పరీక్ష చేయించుకున్నాడు. దాదాపు ఐదు వేలు తీసుకున్నారు. ఫలితం: వైరస్ కనపడలేదు.

అప్పటికి అతని పులిపిర్లు నా కళ్లముందే ఉన్నాయి. ఆ రిపోర్టు ఎందుకు చేయించుకున్నాడో అడగక్కర్లేకుండానే అర్థమైంది. 'నెగెటివ్' అన్న కాగితం ఒకటి చేతిలో ఉంటే ఆ అమ్మాయికి ఏమీ చెప్పాల్సిన పని ఉండదనుకున్నాడు.

మగవాళ్లకు నీకు హెచ్‌పీవీ ఉంది, లేదు అని నమ్మకంగా చెప్పగలిగిన, అందరికీ చేయమని ఆమోదించిన పరీక్ష ఈ రోజుకీ లేదు. ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వారం అనే ఒక నిర్దిష్టమైన చోటు ఉంది, అక్కడి నుంచి నమూనా తీస్తే వైరస్ దొరుకుతుంది, దొరికితే తర్వాత ఏం చేయాలో ఒక పద్ధతి ఉంది. మగవాళ్లలో వైరస్ అంగం, వృషణాల తిత్తి, గజ్జలు, మలద్వారం చుట్టూ చర్మం, ఎక్కడైనా ఉండొచ్చు. మూత్రంలో దొరకలేదంటే లేదని కాదు. ఒకవేళ దొరికినా, పులిపిర్లు లేని మగవాడికి ఇచ్చే మందు లేదు. అందుకే ఈ పరీక్ష రాయను, చేయించుకుని వచ్చినవాళ్ల రిపోర్టు ఫైల్లో పెడతాను గానీ దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోను. మగవాడి వైపు నుంచి పరీక్ష ఇవ్వలేని సమాచారాన్ని అతని నోరే ఇవ్వాలి. ఈ కేసంతా నాకు ఆ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

నేను చేయించినవి వేరే. హెచ్.ఐ.వి., సిఫిలిస్‌కు వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ అనే రక్తపరీక్షలు, హెపటైటిస్ బి, సి, షుగరు. ఒక సుఖవ్యాధి దొరికినచోట మిగతావాటి కోసం వెతకాలి. సిఫిలిస్ రెండో దశలో వచ్చే చెమ్మ పులిపిర్లను మామూలు పులిపిర్లనుకుని కాల్చేస్తే అసలు రోగం లోపలే ఉండిపోతుంది. అన్నీ నెగెటివ్ వచ్చాయి. చివరి కలయిక పద్నాలుగు నెలల కిందటిది కాబట్టి హెచ్.ఐ.వి. ఫలితాన్ని నమ్మొచ్చు. ఈ పరీక్షలకు ప్రైవేటుకే రానక్కర్లేదు. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, అక్కడ సుఖవ్యాధులకు ఉచితంగా చూస్తారు.

చికిత్స

ముందు ఆ కాలిన పుండు మానాలి. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, వదులు లుంగీ, రేజర్ బంద్. పన్నెండు రోజులకు మానింది. తర్వాత మత్తు ఇంజెక్షన్ ఇచ్చి అంగం మీది నాలుగింటిని రేడియో ఫ్రీక్వెన్సీ యంత్రపు వేడితో కాల్చి తీసేశాను. ఈ పొగలో కూడా వైరస్ డీఎన్‌ఏ ఉంటుంది, అందుకని పొగ లాగే యంత్రం, మంచి మాస్కు లేకుండా చేయకూడదు. మా నర్సుకు కూడా హెచ్‌పీవీ టీకా వేయించాను. మిగతా మూడింటికి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పెట్టాం. ఆ తర్వాత ఇమిక్విమోడ్ క్రీమ్, వారానికి మూడు రాత్రులు పల్చగా రాసి పొద్దున కడిగేసుకోవడం. ఇది వైరస్‌ను చంపదు, ఆ చోట రోగనిరోధక శక్తిని లేపుతుంది. ఎర్రబడుతుంది, మండుతుంది, మందు పనిచేస్తోందనే అర్థం. మరీ పుండు పడితే వారం ఆపాలి. ఈ క్రీమ్ కండోమ్ రబ్బరును బలహీనం చేస్తుంది కాబట్టి అది రాసిన రాత్రి కలయిక వద్దు.

పులిపిరి తీసేయడం అంటే వైరస్‌ను తీసేయడం కాదని మొదటి రోజే చెప్పాను. చుట్టుపక్కల మామూలుగా కనిపించే చర్మంలో కూడా అది ఉంటుంది. అందుకే మొదటి మూడు నెలల్లో నలుగురిలో ఒకరికైనా తిరిగి వస్తాయి. ఇతనికి ఆరో వారంలో రెండు వచ్చాయి. పెళ్లికి మూడు వారాలుందనగా అవి కనిపించేసరికి అర్ధరాత్రి ఫోటో పంపి, "అంతా అయిపోయింది సార్" అని మెసేజ్ పెట్టాడు. పొద్దున రమ్మని పది సెకన్ల నైట్రోజన్‌తో వాటిని కూడా గడ్డకట్టించాను. సిగరెట్ తాగేవాళ్లలో వైరస్ ఎక్కువ కాలం మొండికేస్తుంది. మానేయమన్నాను. పూర్తిగా మానలేకపోయాడు, రోజుకు ఒకటికి తెచ్చాడు.

"చెప్పాలా సార్?"

రెండోసారి తండ్రి లేకుండా వచ్చాడు. నేను అడగకుండానే చెప్పాడు. నిశ్చితార్థం అయ్యాక ఆ అమ్మాయితో కూడా ఒకసారి దగ్గరయ్యారు. పూర్తి కలయిక జరగలేదు, కానీ చర్మానికి చర్మం తగిలింది. మొదటిసారి దాచానని తల దించుకున్నాడు. బయట తండ్రి కూర్చుని ఉంటే ఎవరు మాత్రం చెబుతారు? అందుకే రోగి చరిత్రను ఒక్క విజిట్‌లో రాసి ముగించకూడదు.

దీంతో విషయం మారింది. అప్పటిదాకా 'పెళ్లి తర్వాత రాబోయే ముప్పు' అనుకున్నది ఇప్పటికే దాటిపోయి ఉండొచ్చు. "చెప్పాలా?" అని అడిగాడు. చెప్పాలి అన్నాను.

ఇంత సూటిగా అనడానికి నాకు ఒక కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట, ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, ఇలాగే పెళ్లికి ముందు వచ్చిన ఒకతనికి పులిపిర్లు కాల్చి, "పోయాయి, ఇక మర్చిపో, ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నాను. ఏడాది తిరక్కుండా అతని భార్య ఐదో నెల గర్భంతో, ఒళ్లంతా చెమటలతో నా ముందు కూర్చుంది. గర్భంలో పులిపిర్లు త్వరగా పెరుగుతాయి, ఆమెకు గుత్తులుగా పెరిగాయి. ఇమిక్విమోడ్, పొడోఫిలిన్ లాంటి పులిపిరి మందులు గర్భిణికి వాడలేం, నైట్రోజన్‌తోనే నాలుగు విడతలు చేశాం. కాన్పు మామూలుగానే అయింది, దారికి అడ్డు రానంతవరకు పులిపిర్ల కోసమని ఆపరేషన్ చేయక్కర్లేదు. కానీ మొదటి రోజు ఆమె అడిగింది: "ఆయనకు ముందే ఉందా సార్? మీకు తెలుసా?" అతని రహస్యం చెప్పే హక్కు నాకు లేదు. తెలియదు అనడానికి నోరు రాలేదు. ఆ మౌనంలో ఆమెకు జవాబు దొరికింది. నేను ఆ రోజు ఇచ్చిన సలహా తప్పు, దాని బరువు మోసింది ఆమె.

అందుకని ఈ అబ్బాయికి కారణాలు విడమర్చి చెప్పాను. మీ ఒంట్లో పులిపిరి తెచ్చే వైరస్ ఆమెకు కూడా పులిపిర్లు తేవొచ్చు. ఒకసారి హెచ్‌పీవీ తగిలినవారికి ఇంకో రకం కూడా తగిలి ఉండే అవకాశం ఉంది. మీకు పరీక్ష లేదు, ఆమెకు టీకా ఉంది, పరీక్ష ఉంది, వాటిని వాడుకునే సమయం ఆమెకు దొరకాలంటే ఆమెకు తెలియాలి. ఇంకా, ఎలాంటి మనిషితో ఏం తెలిసి జీవితం మొదలుపెడుతున్నానో నిర్ణయించుకునే హక్కు ఆమెది. పెళ్లి ఆగిపోతే అన్నాడు. ఆగిపోవచ్చు అన్నాను. ఆగదని మాట ఇచ్చి ఒప్పించడం మోసం.

"మీరే చెప్పేయండి సార్, డాక్టరు చెబితే వింటారు" అన్నాడు. అతను అడిగినా సరే, అతని బదులు నేను ముందుగా చెప్పను. ఆమె వచ్చి అడిగితే, అతని అనుమతితో, వైద్యం సంగతులు వివరిస్తాను. "పూర్తిగా తగ్గాక చెబుతాను" అన్నాడు. తగ్గింది అని సర్టిఫికెట్ ఇచ్చే రోజు ఈ వైరస్‌లో ఉండదు. రోజు వాయిదా పడేకొద్దీ, రోగం గురించిన కోపానికి దాచాడన్న కోపం తోడవుతుంది.

ఎలా చెప్పాలో ఆ గదిలోనే రిహార్సల్ చేయించాను. ఇది వింతగా అనిపించొచ్చు గానీ, చాలామంది మగవాళ్లకు ఈ మాటలు నోటితో పలికిన అనుభవమే ఉండదు. మొదటిసారి అతను చెప్పింది ఇది: "నాకు ఒక చిన్న స్కిన్ ప్రాబ్లం ఉంది, టెన్షన్ పడకు." రెండోసారి ఏడుస్తూ గతమంతా, పేర్లతో సహా, చెప్పుకుపోయాడు. మొదటిది దాపరికం. రెండోదాంట్లో తన గుండె బరువంతా ఆమె నెత్తిన దించడం ఉంది. నాలుగోసారికి మాటలు కుదిరాయి. అతని అనుమతితో రాస్తున్నాను: "నాకు పులిపిర్లు వచ్చాయి, హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల. అది కలయిక వల్ల అంటుకుంటుంది. నీకంటే ముందు నా జీవితంలో వేరేవాళ్లు ఉన్నారు. మనం దగ్గరైన రోజు నాకు ఇది ఉందని నాకు తెలియదు. హెచ్.ఐ.వి. లాంటివి అన్నీ చేయించుకున్నాను, లేవు, రిపోర్టులు ఇవిగో. నువ్వు డాక్టరుతో మాట్లాడాలనుకుంటే నాతోనైనా, నేను లేకుండానైనా వెళ్లొచ్చు. ఈ రోజే ఏమీ చెప్పక్కర్లేదు."

వాట్సాప్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పాలి. పెద్దవాళ్ల మధ్య, ఏదైనా శుభకార్యం రోజు వద్దు. ఆ వెంటనే "నన్ను క్షమించావా?" అని అడగొద్దు. కోపం వస్తే రానివ్వాలి. 'నేను ఇప్పుడు క్లీన్' లాంటి మాటలు వద్దు, ఆ మాటకు అవతలివైపు ఉన్నదేమిటో ఆలోచించండి అన్నాను. మూత్రం రిపోర్టు చూపించనని నాకు మాట ఇచ్చాడు.

హైదరాబాద్‌లో ఒక పార్కులో ఆదివారం పొద్దున చెప్పాడు. ఆమె లేచి ఆటో ఎక్కి వెళ్లిపోయింది. తొమ్మిది రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆ తొమ్మిది రోజుల్లో అతను నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు, మూడోసారి అతను సరిగా నిద్రపోతున్నాడా, చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడిగాను. రావడం లేదన్నాడు. ఇలాంటి రోజుల్లో ఆ ప్రశ్న అడగకుండా వదలకూడదు.

ఆమె ప్రశ్నలు

పదో రోజు ఆమె వాళ్ల అక్కను తీసుకుని నా దగ్గరకు వచ్చింది. అబ్బాయి రాలేదు, ఆమె రావద్దందట. 25 ఏళ్లు. నోట్‌బుక్కులో ప్రశ్నలు రాసుకొచ్చింది. మొదటిది: "నాకు క్యాన్సర్ వస్తుందా?"

హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. జననాంగాల పులిపిర్లలో దాదాపు 90 శాతం 6, 11 రకాల వల్ల వస్తాయి, అవి క్యాన్సర్ తెచ్చే రకాలు కావు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతం 16, 18 రకాల వల్ల. ఈ సంబంధాన్ని కనిపెట్టినందుకే జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. ఆ క్యాన్సర్ కూడా వైరస్ తగలగానే రాదు. కొద్దిమందిలో అది పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోతే, కణాలు మెల్లగా మారుతూ పది, పదిహేను, ఇరవై ఏళ్లకు క్యాన్సర్ అవుతుంది. మధ్యలో పట్టుకోవడానికి అంత వ్యవధి ఉన్న క్యాన్సర్లు చాలా తక్కువ. అయినా 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో లక్షా 27 వేల మందికి ఇది వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. పరీక్ష చేయించుకోకపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

పిల్లలు పుడతారా? పుడతారు, పులిపిర్ల వల్ల సంతానం ఆగదు. నాకు ఇప్పటికే తగిలి ఉంటుందా? ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆడ డాక్టరు దగ్గరకు పంపి పరీక్ష చేయించాను, పులిపిర్లు లేవు. ఆయనకు ఎవరి వల్ల వచ్చింది? నాకు తెలియదు, ఆయనకు తెలియదు, ఏ ల్యాబూ చెప్పలేదు అన్నాను. ఆ ప్రశ్న పక్కన ఆమె కొట్టివేత గీత పెట్టుకోలేదు, ఖాళీ వదిలింది.

టీకా మాట ఎత్తగానే అక్క అడ్డుపడింది. "ఆ ఇంజెక్షన్ కాదుగా సార్? మా చిన్నప్పుడు భద్రాచలం వైపు హాస్టల్ పిల్లలకు వేస్తే చచ్చిపోయారు." ఖమ్మం జిల్లాలో ఈ ప్రశ్న రాకుండా హెచ్‌పీవీ టీకా గురించి మాట్లాడలేం, దాన్ని తేలిగ్గా కొట్టేయడం కూడా న్యాయం కాదు. 2009లో మన జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి ఈ టీకా వేశారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. విచారణ కమిటీ ఆ మరణాలకు బహుశా టీకా కారణం కాదని చెప్పింది, నీళ్లలో మునగడం, పురుగుమందు లాంటివి బయటపడ్డాయి. కానీ తల్లిదండ్రుల సంతకాలకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేసిన సంగతి నిజం. 2013లో పార్లమెంటరీ కమిటీ దాన్ని గట్టిగా తప్పుపట్టింది. గిరిజన పిల్లల తల్లిదండ్రులను అడగకపోవడం వల్ల పోయిన నమ్మకాన్ని ఈ జిల్లా డాక్టర్లం ఇప్పటికీ ఒక్కొక్క మనిషి దగ్గర తిరిగి సంపాదించుకోవాల్సి వస్తోంది. ఇదంతా అక్కకు చెప్పాను. ఆ తర్వాత ప్రపంచమంతటా కోట్ల డోసులు వేశారని, టీకా భద్రత గురించి గట్టి ఆధారం ఉందని చెప్పాను. తొందర లేదు, ఇంటికెళ్లి ఆలోచించుకోండి అన్నాను.

నాలుగు రోజులకు వచ్చి మొదటి డోసు వేయించుకుంది. మన దేశంలో తయారైన సర్వావ్యాక్ 6, 11, 16, 18 రకాలకు పనిచేస్తుంది. తొమ్మిది నుంచి 26 ఏళ్ల వరకు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ అనుమతి ఉంది. పద్నాలుగేళ్ల వరకు రెండు డోసులు, పదిహేను నుంచి మూడు. ఉన్న ఇన్ఫెక్షన్‌ను ఇది పోగొట్టదు, ఇంకా తగలని రకాల నుంచి కాపాడుతుంది. టీకా వేయించుకున్నా ముప్పై దాటాక హెచ్‌పీవీ పరీక్ష తప్పదని రాసిచ్చాను. అక్కకు 34. ఆమె ఎప్పుడూ ఆ పరీక్ష చేయించుకోలేదు. చెల్లెలి కోసం వచ్చి తను చేయించుకుని వెళ్లింది, ఏమీ లేదు.

పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. ఆమె ఏం ఆలోచించి ఒప్పుకుందో నేను అడగలేదు. కొత్త పులిపిర్లు లేకుండా మూడు నెలలు గడిచేదాకా కండోమ్ వాడమన్నాను, ఆ తర్వాత వాడాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. కలిసి కాపురం చేసే జంట ఎలాగూ ఒకరి వైరస్‌లు ఒకరు పంచుకుంటారు. ఆ మూడు నెలల్లో పిల్లల గురించి అత్తగారు అడిగినప్పుడల్లా అతనే జవాబు చెప్పాడట. ఆ మాట ఆమె నాకు చెప్పింది.

మగవాడి సొంత ముప్పు

అబ్బాయి భయమంతా ఆమె చుట్టూనే ఉండటంతో తన ఒంటి గురించి చివరికి గానీ అడగలేదు. పులిపిర్లు క్యాన్సర్ అవడం చాలా అరుదు. కానీ హెచ్‌పీవీ అధిక ముప్పు రకాలు మగవాళ్లలో పురుషాంగ క్యాన్సర్లలో సుమారు సగానికి, మలద్వార క్యాన్సర్లలో అత్యధిక భాగానికి కారణం. మగవాళ్లతో కలిసే మగవాళ్లలో, హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లలో మలద్వారం ముప్పు ఎక్కువ, అందుకే మగవాళ్లతో కలుస్తారా అన్న ప్రశ్న అందరినీ ఒకే గొంతుతో అడుగుతాను. గొంతు వెనక భాగం క్యాన్సర్ కూడా ఈ వైరస్ వల్ల రావొచ్చు, మన దగ్గర మాత్రం గుట్కా, ఖైనీ, బీడీలదే పెద్ద వాటా.

పురుషాంగ క్యాన్సర్ అరుదైనదే గానీ మన పల్లెల్లో అది కనపడే తీరు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మిర్చి రైతు ఒకాయన, 58 ఏళ్లు, పైతోలు వెనక్కి రాకుండా బిగిసిపోయి ఏళ్లు. లోపల పుండు పడి ఏడాదిపైనే అయింది. దుర్వాసన వచ్చి భార్య పక్కన పడుకోలేక ఏడిస్తే అప్పుడు కదిలాడు. ఆర్‌ఎంపీ దగ్గర ఏడు నెలలు ఇంజెక్షన్లు పొడిపించుకున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి గజ్జల్లో బిళ్లలు గట్టిపడ్డాయి. హైదరాబాద్ పంపాను, అంగం చాలా భాగం తీసేయాల్సి వచ్చింది. పైతోలు బిగుసుకున్నప్పుడే పదిహేను నిమిషాల సున్తీ ఆపరేషన్‌తో పోయేది.

అబ్బాయికి రాసిచ్చినవి ఇవి: స్నానంలో పైతోలు వెనక్కి లాగి నీళ్లతో కడుక్కోవడం, మానని పుండు, గట్టి గడ్డ, రంగు మారిన మచ్చ, రక్తం కనిపిస్తే రెండు వారాలు దాటకుండా చూపించుకోవడం, ఉన్న ఆ ఒక్క సిగరెట్ కూడా మానడం. తనకు టీకా వేయమన్నాడు. సర్వావ్యాక్‌కు అనుమతి 26 ఏళ్ల వరకే, ఉన్న పులిపిర్లకు దాని వల్ల ఉపయోగమూ లేదని చెప్పాను.

తొమ్మిదో నెలలో ఇద్దరూ చివరి చెకప్‌కు వచ్చారు. అతనికి ఆరు నెలలుగా కొత్తవి రాలేదు. ఆమె మూడు డోసులూ పూర్తయ్యాయి. వాళ్లతో పాటు ఇంకో కుర్రాడు వచ్చాడు, అబ్బాయి తమ్ముడు, 22 ఏళ్లు, బీటెక్ చివరి సంవత్సరం. టీకా వేయించడానికి తెచ్చానన్నాడు.

తమ్ముడికి ఏమని చెప్పి తీసుకొచ్చారని అడిగాను.

"నాకు వచ్చింది చెప్పాను సార్" అన్నాడు.

మొదటి డోసు ఆ రోజే వేశాం.